టేపు బ్రాండు మారుతోందా? ముందు క్యామ్‌కార్డర్ హెడ్ సంగతి చూడండి

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు బాబాయి అటక మీంచి ఒక చెప్పుల పెట్టె దించి నా చేతిలో పెట్టాడు. లోపల 23 మినీ డీవీ క్యాసెట్లు. 2002 నుంచి 2009 దాకా మా ఇంట్లో జరిగిన పెళ్ళిళ్ళు, బారసాలలు, ఒక గృహప్రవేశం, మధ్యలో ఊరికే తీసిన ముచ్చట్లు, అన్నీ బాబాయి తన హ్యాండీక్యామ్‌తో తీసినవే. "ఫోన్ల గురించీ కెమెరాల గురించీ తెగ రాస్తుంటావుగా, వీటిని ఫోన్లో చూసుకునేట్టు చేసి పెట్టరా" అన్నాడు.

సరే అన్నాను. ఇందులో కష్టమేముంది? ఒక పాత క్యామ్‌కార్డర్, ఒక ఫైర్‌వైర్ కేబుల్, ఒక పాత ల్యాప్‌టాప్. బాబాయి కెమెరా ఎప్పుడో పాడైంది కాబట్టి ఒక సెకండ్ హ్యాండ్ హ్యాండీక్యామ్ కొన్నాను. మొదటి ఆరు క్యాసెట్లు చకచకా ఎక్కేశాయి. ఆ ఆరూ ఒకే బ్రాండువి. ఏడోది వేరే బ్రాండు. అట్ట మీద బాబాయి అక్షరాలతో "అమ్మ కబుర్లు – 2006" అని రాసుంది. అంటే మా నాయనమ్మ. ఆవిడ పోయి పదకొండేళ్ళయింది. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు, ఈ క్యాసెట్లో తప్ప.

పన్నెండు నిమిషాలు బాగానే నడిచింది. నాయనమ్మ అరుగు మీద కూచుని, తన పెళ్ళికి ఎడ్లబండి ఎక్కడ దిగబడిందో చెబుతోంది. ఉన్నట్టుండి బొమ్మ అడ్డంగా పట్టీలు పట్టీలుగా చీలింది. ఒక పట్టీలో నాయనమ్మ కదులుతోంది, దాని కింది పట్టీలో బిగుసుకుపోయి ఉంది, దాని కిందది మళ్ళీ కదులుతోంది. శబ్దం తెగి తెగి వచ్చి, ఆగిపోయింది. నా గుండె కూడా దాదాపు అంతే.

నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, వెనక్కి తిప్పి మళ్ళీ ప్లే చేశాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఆ తర్వాత క్యాసెట్ తీసేసి, అంతకుముందు బ్రహ్మాండంగా ఆడిన మొదటి క్యాసెట్ పెట్టి చూశాను. దాంట్లోనూ అవే పట్టీలు.

అప్పుడర్థమైంది, పోయింది క్యాసెట్ కాదని.

"హెడ్డు మూసుకపోయింది తమ్మీ"

హైదరాబాద్ కోఠిలో వీడియో కెమెరాలు బాగుచేసే పాతకాలం మెకానిక్ ఒకాయన ఉన్నాడని ఒక ఫ్రెండ్ చెబితే, కెమెరా పట్టుకెళ్ళాను. ఇప్పుడు ఆయన ఎక్కువగా చేసేది సీసీ కెమెరాల పని. పట్టీలు చూడగానే నవ్వాడు.

"కెమెరా ఖరాబు కాలే తమ్మీ. హెడ్డు మూసుకపోయింది, గంతే. టేపు కంపెనీ మార్చినవా?"

"అవునన్నా, ఆరు ఒక కంపెనీవి వేసి, ఏడోది వేరేది వేశాను."

"నడుమల క్లీన్ చేసినవా?"

"లేదన్నా."

"గదే మరి."

ఆయన కాలంలో ఇది వీడియోగ్రాఫర్లందరికీ తెలిసిన సంగతేనట. ఎవరూ కాగితం మీద రాసి పెట్టలేదంతే. అందుకే ఈ వ్యాసం. ఇవాళ చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి పెట్టెలున్నాయి. పైగా పాత క్యామ్‌కార్డర్ లుక్ కోసం మినీ డీవీ కెమెరాలు కొంటున్న కుర్రాళ్ళూ పెరిగారు. కొత్త టేపులు దొరకడం గగనమైపోయింది కాబట్టి, ఏ బ్రాండు దొరికితే అదే కొనాలి. అంటే బ్రాండ్లు కలవడం ఇప్పుడు ఎవరికైనా తప్పని పనే.

ఆ చిన్న డ్రమ్ములో జరిగేది

1995లో వచ్చిన డీవీ ఫార్మాట్‌లో టేపు వెడల్పు 6.35 మిల్లీమీటర్లు, అంటే పావు అంగుళం. 60 నిమిషాల క్యాసెట్‌లో టేపు మందం సుమారు 7 మైక్రాన్లు. టేపు మెల్లగానే కదులుతుంది, సెకనుకు 19 మిల్లీమీటర్ల లోపే. వేగమంతా డ్రమ్ముది. 21.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఆ డ్రమ్ము నిమిషానికి 9000 సార్లు తిరుగుతుంది. దాని అంచున ఎదురెదురుగా రెండు బుల్లి హెడ్లు. లెక్కేస్తే ఒక్కో హెడ్ టేపు మీద సెకనుకు 10 మీటర్లకు పైగా రాసుకుంటూ పోతోందన్నమాట. ఆ హెడ్ ఏటవాలుగా చదివే ఒక్కో ట్రాక్ వెడల్పు 10 మైక్రాన్లు. లాంగ్ ప్లేలో తీసి ఉంటే ఇంకా తక్కువ, 6.7. మన తల వెంట్రుక దానికంటే ఎన్నో రెట్లు లావు.

మన పాల్ పద్ధతిలో ఒక్కో ఫ్రేము 12 ట్రాకుల్లో ఉంటుంది. బొమ్మను అడ్డంగా 12 పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీని ఒక్కో ట్రాక్‌లో పెట్టినట్టు అనుకోండి. ట్రాకుల్ని రెండు హెడ్లూ వంతులవారీగా చదువుతాయి. ఇప్పుడు ఒక హెడ్ మీద మట్టి పేరుకుంటే ఏమవుతుంది? పట్టీ తప్పించి పట్టీ రాదు. నాయనమ్మ బొమ్మ చీలింది అందుకే. రెండు హెడ్లూ మూసుకుపోతే నీలం తెరో, నల్ల తెరో మిగులుతుంది.

ఈ పట్టీల గుర్తు బాగా జ్ఞాపకం పెట్టుకోండి. బొమ్మలో అక్కడక్కడా చిన్న చిన్న గళ్ళు మెరిసి మాయమైతే అది టేపు మీద మచ్చ కావచ్చు. పట్టీ తప్పించి పట్టీ అదే పనిగా బిగుసుకుపోతే మాత్రం నూటికి తొంభై పాళ్ళు హెడ్డే. హెచ్‌డీవీ టేపుల్లో అయితే పట్టీలు కనపడవు. అక్కడ చాలా ఫ్రేముల్ని కలిపి కుదిస్తారు కాబట్టి, చిన్న లోపానికి కూడా బొమ్మ మొత్తం అర సెకను సేపు ఆగిపోయి, ముందుకు దూకుతుంది.

బ్రాండు మారిస్తే మట్టి ఎందుకు?

మినీ డీవీ టేపు మీద పూత మామూలుది కాదు. వీహెచ్ఎస్‌లో అయితే అయస్కాంత పొడిని జిగురులో కలిపి పూస్తారు. ఇక్కడ లోహాన్ని శూన్యంలో ఆవిరి చేసి, ఆ ఆవిరిని ప్లాస్టిక్ ఫిల్ము మీద పట్టిస్తారు. అద్దంలాంటి పలచని లోహపు పొర. సెకనుకు 10 మీటర్ల వేగంతో ఒక హెడ్ దాని మీద నేరుగా రాసుకుంటే పొర ఎంతసేపు నిలుస్తుంది? అందుకే పైన ఒక రక్షణ పూత, ఆపైన కంటికి కనపడనంత లూబ్రికెంట్. ఈ లూబ్రికెంట్ ఏ కంపెనీది ఆ కంపెనీ రహస్యం.

1990ల చివర్లో కెమెరావాళ్ళ మధ్య ఒక మాట పుట్టింది. సోనీ టేపుల్లో తడి లూబ్రికెంట్ ఉంటుందని, పానాసోనిక్ టేపుల్లో పొడి లూబ్రికెంట్ ఉంటుందని, ఒకటి ఆడిన హెడ్ మీద రెండోది ఆడితే రెండూ కలిసి బంకలా తయారై హెడ్‌ను మూసేస్తాయని. ప్రపంచమంతా పాకిన మాట ఇది. మన పెళ్ళి వీడియోల వాళ్ళ దాకా కూడా వచ్చింది. "ఏ టేపుతో మొదలెడితే దానితోనే చావాలి" అనేవాడట ఆ మెకానిక్ గురువు.

ఇందులో నిజమెంత? నా అభిప్రాయం చెప్తాను. తడీ పొడీ అని బ్రాండ్ల పేర్లతో గీత గీసి కూచోవడం ఇవాళ పనికిరాదు. ఒకే కంపెనీ ఒకే పేరుతో రకరకాల గ్రేడ్లు అమ్మింది. 2002లో కొన్న టేపూ 2009లో కొన్న టేపూ అట్ట ఒకేలా ఉన్నంత మాత్రాన లోపల ఒకేలా ఉండాలని లేదు. కానీ ఆ మాట వెనకున్న అనుభవం మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. ఎంత మంచి టేపైనా నడుస్తున్నప్పుడు హెడ్ మీద కొంచెం నూగు వదులుతుంది. అదే రకం టేపు నడుస్తున్నంత సేపూ ఆ నూగు ఒక తీరులో సర్దుకుని ఉంటుంది. వేరే ఉపరితలం, వేరే లూబ్రికెంట్ ఉన్న టేపు వచ్చినప్పుడు పాత నూగు కదిలి, సరిగ్గా హెడ్ కొన మీదికి చేరితే కథ ముగిసినట్టే. దీనికి తోడు మన టేపులకి ఇరవయ్యేళ్ళ వయసుంది. అటక మీద ఎండాకాలపు వేడి, వానాకాలపు తేమ అన్నీ చూసొచ్చాయి.

కాబట్టి ఏ బ్రాండు మంచిది, ఏది చెడ్డది అన్న తగువులోకి నేను పోను. బ్రాండు మారే చోటు ప్రమాదం ఉన్న చోటు. అక్కడ ఆగి, తుడిచి, పరీక్షించి ముందుకెళ్ళాలి.

ప్లే చేస్తే కనపడుతుంది, రికార్డు చేస్తే కనపడదు

ప్లే చేస్తున్నప్పుడు హెడ్ మూసుకుంటే నష్టం తక్కువ. టేపు మీదున్న బొమ్మ ఎక్కడికీ పోదు. హెడ్ శుభ్రం చేసుకుని మళ్ళీ చదువుకోవచ్చు. అసలు భయం రికార్డింగ్‌లో.

రికార్డు చేస్తున్నప్పుడు మీరు వ్యూ ఫైండర్లో చూసేది లెన్సు నుంచి వచ్చే బొమ్మ, టేపు మీద పడిన బొమ్మ కాదు. హెడ్ మూసుకుపోయినా ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంటుంది, టైమ్ కోడ్ పరిగెడుతూనే ఉంటుంది. కొన్ని కెమెరాలు హెడ్ మురికి పట్టిందని హెచ్చరిక చూపిస్తాయి. పెళ్ళి సందట్లో దాన్ని చూసేదెవరు? మన దగ్గర పెళ్ళిళ్ళలో సోనీ పీడీ 170లు, భుజం మీద పెట్టుకునే పానాసోనిక్ ఎండీ 10000లు తిరిగిన రోజుల్లో ఇదే పీడకల. జీలకర్రా బెల్లం పెట్టే సమయానికి మొదటి టేపు అయిపోతుంది. సంచిలో ఉన్నది వేరే బ్రాండు. పెట్టి తీసేస్తారు. రాత్రి ఎడిటింగ్‌కి కూచుంటే తాళి కట్టే ఘట్టం మొత్తం పట్టీలు. ఈసారి హెడ్ ఎంత తుడిచినా బొమ్మ రాదు, ఎందుకంటే అది టేపు మీద పడనే లేదు.

ఈ మధ్య రెట్రో షూట్ల కోసం మినీ డీవీ వాడుతున్నవాళ్ళు అందుకే ఒక అలవాటు చేసుకోవాలి. టేపు మార్చిన ప్రతిసారీ, ముఖ్యంగా బ్రాండు మారితే, ముప్పై సెకన్లు రికార్డు చేసి, వెనక్కి తిప్పి, ప్లే చేసి చూసి, ఆ తర్వాతే అసలు పని మొదలుపెట్టండి. శబ్దం కూడా వినండి, బొమ్మ ఒక్కటే కాదు.

పెట్టె ముందు వేసుకుని కూర్చున్నప్పుడు

కోఠి నుంచి వచ్చాక నేను అనుసరించిన పద్ధతి ఇది. ఇది మీకూ పనికొస్తుంది.

మొట్టమొదట ప్రతి క్యాసెట్ వెనకున్న చిన్న మీటను సేవ్ వైపు జరపండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరిగిపోకుండా ఉంటుంది. ఇది చెయ్యకుండా ఇంకే పనీ వద్దు. తర్వాత క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్టను వెలుతురులో చూడండి. తెల్లటి పొడిలానో, సాలెగూడులానో కనిపిస్తే బూజు. అది కెమెరాలోకి వెళ్ళడానికి వీల్లేదు. ఆ ఒక్క క్యాసెట్ మిగతా అన్నింటినీ చెడగొడుతుంది. పక్కన పెట్టి, అలాంటివి శుభ్రం చెయ్యడం తెలిసినవాళ్ళకే ఇవ్వండి. నా 23లో ఒకటి అలా తేలింది.

మిగిలినవాటిని తేదీల ప్రకారం కాదు, బ్రాండు ప్రకారం కుప్పలు వెయ్యండి. ఒకే బ్రాండులో గ్రేడు వేరైతే అదీ వేరు కుప్పే. నాకు మూడు బ్రాండ్లు, నాలుగు కుప్పలు వచ్చాయి. అంటే 22 క్యాసెట్లకు మూడేసార్లు మారడం. తేదీల వరసలో పోయుంటే పదకొండుసార్లు మారేది. బాబాయి ఊళ్ళో షాపువాడి దగ్గర ఏది ఉంటే అది కొన్నాడు మరి.

కుప్పలో కూడా అపురూపమైనది ముందు పెట్టకండి. పోయినా పెద్దగా బాధ లేనిది, ఎవరో దూరపు చుట్టాల రిసెప్షన్ లాంటిది, ముందు నడవనివ్వండి. నేను నాయనమ్మ క్యాసెట్‌ను బ్రాండు మారిన వెంటనే పెట్టడం ఎంత బుద్ధితక్కువో ఇప్పుడు తెలుస్తోంది.

ఒక కుప్ప అయిపోయాక క్లీనింగ్ క్యాసెట్. ఇది చూడ్డానికి మామూలు క్యాసెట్‌లానే ఉంటుంది, లోపలి టేపు మాత్రం సన్నని గరుకు కాగితం లాంటిది. మట్టిని గీకేస్తుంది. ఎక్కువసేపు ఆడితే హెడ్‌నీ అరగదీస్తుంది. అందుకే పెట్టె మీద ఎంతసేపని రాసుందో అంతే, సాధారణంగా 10 సెకన్లు. ఆపేయండి, బయటికి తీసేయండి. వెనక్కి తిప్పకండి. వాడిన భాగం మళ్ళీ వాడితే తుడిచిన మట్టినే తిరిగి పూసినట్టు. టేపు చివరికొచ్చాక ఆ క్యాసెట్ పని అయిపోయినట్టే, పారేయండి. ఆన్‌లైన్లో వాడేసిన క్లీనింగ్ క్యాసెట్లు కూడా అమ్ముతున్నారు, టేపు ఏ వైపు చుట్టి ఉందో ఫోటోలో చూసి కొనండి.

తర్వాత పరీక్ష క్యాసెట్. రాబోయే కుప్పలోని బ్రాండుదే, అందులో ఏమీ లేకపోయినా పర్లేదనుకునే క్యాసెట్ ఒకటి పెట్టి రెండు మూడు నిమిషాలు ప్లే చేయండి. తేడా లేకపోతే ముందుకు వెళ్ళండి. పట్టీలు కనిపిస్తే ఇంకోసారి 10 సెకన్లు. రెండు మూడు సార్లకీ తగ్గకపోతే గరుకు టేపుతో ఇంకా గీకుతూ కూర్చోవద్దు. అప్పుడు తడి పద్ధతే.

ప్రతి క్యాసెట్‌కీ క్లీనింగ్ టేపు వేసే జాగ్రత్తపరులు కొందరుంటారు. వద్దండీ. ఈ కెమెరాలకి కొత్త డ్రమ్ములు దొరకవు. హెడ్ అరిగిపోతే కెమెరాతోపాటు మీ పెట్టె కూడా మూగబోతుంది. బ్రాండు మారినప్పుడు ఒకసారి, పట్టీలు కనిపించినప్పుడు ఒకసారి. మిగతా సమయాల్లో దాన్ని ముట్టుకోకండి.

ఇంకో పొరపాటు కూడా చాలామంది చేస్తారు. హెడ్ శుభ్రంగానే ఉన్నా ఒక్క క్యాసెట్‌లో మాత్రం గళ్ళు వస్తుంటాయి. అది హెడ్ తప్పు కాకపోవచ్చు. వేరే కెమెరాలో, అందునా లాంగ్ ప్లేలో తీసిన టేపుల్లో ఇది మామూలే. ఆ కెమెరా గైడ్ల సర్దుబాటు వేరు, మీదాని సర్దుబాటు వేరు, 6.7 మైక్రాన్ల దారిలో ఆ చిన్న తేడా చాలు. తేల్చుకోవడం సులువే. పరీక్ష క్యాసెట్ బాగా ఆడి ఇది ఆడకపోతే సమస్య క్యాసెట్‌ది, రెండూ ఆడకపోతే హెడ్‌ది. క్యాసెట్‌ది అయితే క్లీనింగ్ టేపు వెయ్యడం దండగ, ఇంకో కెమెరాలో పెట్టి చూడాలి.

చేత్తో తుడవాల్సి వస్తే

నాకు తప్పలేదు. ఆ నాలుగుసార్లు వెనక్కీ ముందుకీ తిప్పడంతో మట్టి గట్టిపడిపోయింది. మెకానిక్ నా ఎదురుగానే చేసి చూపించాడు.

కావలసింది 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. మందుల షాపులో ఇచ్చే స్పిరిట్‌లో నీళ్ళు కలిసి ఉంటాయి, శానిటైజర్లో ఇంకేవేవో ఉంటాయి, రెండూ వద్దు. దూది పుల్లలు అస్సలు వద్దు. దూది పోగు ఒక్కటి హెడ్ కొనకి తగులుకుంటే మీ పని అయిపోయినట్టే. మెత్తని తోలు ముక్క ఉండే పుల్లలు వీటికోసమే దొరుకుతాయి. అవి లేకపోతే నూగు రాలని మెత్తటి బట్ట.

క్యాసెట్ తలుపు తెరిచి, బ్యాటరీ, ఛార్జర్ రెండూ తీసేయాలి. తోలు ముక్కకి ఆల్కహాల్ అద్ది, కారకుండా పిండి, డ్రమ్ము పక్కన అడ్డంగా ఆనించి కదలకుండా పట్టుకోవాలి. రెండో చేత్తో డ్రమ్ము పైభాగాన్ని మెల్లగా తిప్పాలి. డ్రమ్ము తిరగాలి, పుల్ల కదలకూడదు. పైకీ కిందకీ రుద్దారంటే హెడ్ విరిగిపోతుంది. అంత సున్నితమైన ముక్క అది. అయిదారు చుట్లు తిప్పి తోలు చూస్తే సన్నని గోధుమరంగు గీత. "ఇగో, గిదే నీ నాయనమ్మను ఆపింది" అన్నాడాయన.

తర్వాత వేరే పుల్లతో టేపు నడిచే దారిలోని గైడ్లు, క్యాప్‌స్టన్ ఇనుప కడ్డీ. దాన్ని నొక్కే రబ్బరు చక్రం మీద ఆల్కహాల్ తక్కువగా వాడాలట, రబ్బరు ఎండిపోతుందని. పదిహేను నిమిషాలు తలుపు తెరిచే ఉంచి, అంతా ఆరాకే క్యాసెట్ పెట్టాలి. తడి డ్రమ్ముకి టేపు అతుక్కుంటే చుట్టుకుపోయి నలిగిపోతుంది.

నిజం చెప్పాలంటే చాలా చిన్న హ్యాండీక్యాముల్లో డ్రమ్ము సరిగ్గా అందదు, క్యాసెట్ తలుపు మూత విప్పాలి. చెయ్యి వణికేవాళ్ళు, స్క్రూడ్రైవర్ పట్టని వాళ్ళు మెకానిక్‌కే ఇవ్వండి. నేను ఇదంతా నేర్చుకున్నాను కానీ రెండోసారి కూడా ఆయన దగ్గరికే వెళ్ళాను.

తేమ గురించి ఒక మాట. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళల్లో ఉన్నవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. ఏసీ గదిలోంచి కెమెరాను బయటి ఉక్కలోకి తెస్తే చల్లటి డ్రమ్ము మీద చెమట పడుతుంది. కెమెరా తేమ గుర్తు చూపించి మొరాయిస్తే దానితో పోట్లాడకండి, క్యాసెట్ తీసేసి గంటసేపు వదిలేయండి. క్యాసెట్లు కూడా అంతే, మీరు పనిచేసే గదిలో ముందురోజే పెట్టుకోండి.

ఎక్కించేటప్పుడు

కెమెరా మీద యూఎస్‌బీ ఉంది కదా అని దానితో లాగకండి. చాలా మోడళ్ళలో అది ఫోటోలకో, నాసిరకం వీడియోకో మాత్రమే. టేపు మీదున్నది ఉన్నట్టుగా రావాలంటే ఐలింక్ లేదా డీవీ అని రాసున్న ఫైర్‌వైర్ పోర్టే. గంట టేపుకి సుమారు 13 జీబీ అవుతుంది. నా 22కి 300 జీబీ దాకా ఖాళీ చూసుకున్నాను. పాత మ్యాక్ ఉన్నవాళ్ళు మ్యాక్ ఓఎస్ 26కి అప్‌డేట్ చేసే ముందు ఆలోచించండి, అందులో ఫైర్‌వైర్ సపోర్టు తీసేశారు.

ముఖ్యమైన క్యాసెట్లను ఒకసారితో వదలకుండా రెండు మూడుసార్లు ఎక్కించుకోండి, మధ్యలో హెడ్ తుడుచుకుని. మొదటిసారి పోయిన ఫ్రేము రెండోసారి రావచ్చు. డీవీరెస్క్యూ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఎన్నిసార్లు ఎక్కించారో అన్ని ఫైళ్ళనీ పోల్చి, ఏ ముక్క దేంట్లో బాగుంటే అది తీసుకుని ఒక్క ఫైలుగా కుడుతుంది. కొంచెం తలనొప్పి వ్యవహారమే, అయినా ఇలాంటి క్యాసెట్లకి ఆ తలనొప్పి పడొచ్చు. ఎక్కించేటప్పుడు మాత్రం పక్కనే కూర్చోండి. పట్టీలు మొదలైన క్షణమే ఆపేయాలి. మట్టి పట్టిన హెడ్‌తో టేపును అలాగే నడిపిస్తే గీతలు పడతాయి, అప్పుడు క్యాసెట్ కూడా నిజంగానే పాడవుతుంది. నాలుగుసార్లు తిప్పిన నాకు ఆ శిక్ష పడలేదంటే అది అదృష్టమే.

నాయనమ్మ క్యాసెట్‌ను ఆ కుప్పలో చివరన పెట్టాను. మూడుసార్లు ఎక్కించి, మూడింటినీ కలిపాను. 58 నిమిషాలూ వచ్చింది. పన్నెండో నిమిషం దగ్గర, నేను పదే పదే తిప్పిన చోట, రెండు ఫ్రేముల్లో మాత్రం ఒక సన్నని పట్టీ మిగిలిపోయింది. దాన్ని అలాగే ఉంచేశాను. ఎడ్లబండి గోదారి గట్టు దగ్గర దిగబడిందట. పెళ్ళికొడుకే, అంటే మా తాతయ్యే, దిగి తోశాడట. బాబాయికి పంపితే ఆ సంగతి ఆయనకీ తెలీదన్నాడు, కెమెరా పట్టుకున్నది తనే అయ్యుండీ.